మా యారాలు పాలిచ్చిన పిల్లికూన

మొన్నటి ముసురులో మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూ వస్తూ, ఎవరిదో కారు కింద పడి ఉన్న పిల్లికూననొకదాన్ని చున్నీలో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇంకా కళ్లు తెరవలేదు, బొడ్డు ఎండలేదు, అరచేతిలో పెడితే తడిసిన దూది ఉండలా ఉంది. నేను పాలు వెచ్చబెట్టబోతే ఆగమంది. దాని ఫోనులో ఎవరో పశువుల డాక్టరమ్మ మాట్లాడుతోంది. చల్లబడ్డ కూనకు పాలు పట్టకూడదట, ముందు ఒంటికి వేడి ఎక్కించాలట, ఆ తరువాతే పాలట. మనవరాలు సీసాలో వేన్నీళ్లు నింపి దానికి తువ్వాలు చుడుతూ ఉంటే, నా చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న మా అత్తగారి ఊళ్లో, నేను కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో, మోచేతి నుంచి రక్తం కారుతుండగా మా యారాలు ఇంచుమించు ఆ మాటలే చెప్పింది.

యారాలంటే నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. సొంత అక్క లేని నాకు ఆ పిలుపు మొదటి రోజు నుంచే నోటికి అలవాటైపోయింది. మాది గొర్ల మందల ఇల్లు. మామగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మా అత్త, మా బావ, అక్క, మా ఆయన, నేను. అన్నదమ్ములిద్దరూ వంతులు వేసుకుని మందతో అడవికి పోయేవారు. ఒకరు మేత మీద ఉంటే ఒకరు ఇంటి దగ్గర. ఇల్లంతా ఉన్ని వాసన, మేకపాల వాసన, వాన పడితే తడి గొంగడి వాసన. పుట్టింట్లో పొలం పని చేసిన నాకు మొదట్లో ఆ వాసనకు అన్నం సహించేది కాదు గాని, ఆరు నెలలు తిరిగేసరికి అది లేకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చాను.

మా బావ పెద్ద మొనగాడు. చెరో చంకన ఒక గొర్రెను ఎత్తుకుని వాగు దాటేవాడు. మంద మీద పడిన తోడేలును ఒంటిచేత్తో గుతుప కట్టెతో కొట్టి చంపాడని ఊరంతా చెప్పుకునేది. గుతుప అంటే గొర్లకాపరులు భుజాన వేసుకుని తిరిగే లావుపాటి కర్ర. ఆ కర్ర మందలో ఉన్నప్పుడు తోడేళ్లకు, ఇంట్లో ఉన్నప్పుడు మా అక్కకు. దాచి ఏం లాభం, ఆ రోజుల్లో అది మా ఇంట్లో పొయ్యి రాజేసినంత మామూలుగా జరిగేది. కూరలో ఉప్పు తగ్గినా, పిలిచినప్పుడు పలకడం ఆలస్యమైనా, ఒక్కోసారి ఏమీ లేకపోయినా. అక్క నోరు మెదిపేది కాదు. మా అత్త చేట ముందర పెట్టుకుని, తల వంచుకుని, చెరిగిన జొన్నలనే మళ్లీ చెరుగుతూ ఉండేది. నేను వాకిట్లోకి పోయి నిలబడేదాన్ని. ఇరుగు పొరుగు వినేవారు. అందరికీ వినపడేది. ఎవరూ కదిలేవారు కాదు.

ఆ ఏడు జొన్న కోతలప్పుడు అక్కకు ఎనిమిదో నెల. అంతకు ముందు రెండు కానుపులు నిలవలేదు. ఈసారైనా నిలవాలని మా అత్త బీరప్పకు మొక్కుకుంది. ఒక మధ్యాహ్నం బావ చేను నుంచి వచ్చేసరికి రొట్టె చల్లారి ఉంది. రొట్టె ఎత్తి మొహాన కొట్టి, వంగి ఏరుకోబోయిన మనిషిని డొక్కలో తన్నాడు. సాయంత్రానికి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. ఒక్కసారి నోరు తెరిచింది, ఏడుపు బయటికి రాలేదు, మళ్లీ మూసింది, అంతే. మా అత్త దాన్ని కడిగి, తన పాత చీర పేలికలో చుట్టి, దొడ్డి వెనక మట్టి చేసి వచ్చింది. నెలలు నిండక జారిపోయిందని ఊళ్లో చెప్పింది. ఎవరూ ఎదురు అడగలేదు.

తరువాత అక్క మాట్లాడటం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. బిడ్డ లేదని తెలియని రొమ్ములు రాళ్లలా గట్టిపడి, మా అత్త గుడ్డతో బిగించి కట్టినా రవిక తడిసిపోయేది. ఆ తడి చూసినప్పుడల్లా అక్క కళ్లు మూసుకునేది గాని ఏడ్చేది కాదు.

చలి ముదిరింది. ఉన్ని కోతకు బావ మందలో సగం గొర్లను ఇంటికి తోలుకొచ్చాడు, వెంట మూడు కాపలా కుక్కలను కూడా. అడవిలో తోడేళ్లతో తలపడే కుక్కలవి. మోకాళ్లు దాటి ఎత్తు, ఆకలి మీద ఉన్నవి, బావ ఈల తప్ప ఇంకెవరి మాటా వినవు. మా ఇంట్లో ఒక పిల్లి ఉండేది. జొన్నల గుమ్ముల దగ్గర ఎలుకలు పట్టడానికి మా అత్త తెచ్చుకున్నది, బూడిద రంగుది. కొట్టంలో కోసి వేసిన ఉన్ని కుప్ప వెనక అది ఆ రోజు పొద్దున్నే ఈనడం మొదలుపెట్టిందని మాకెవరికీ తెలియదు.

కుక్కలకు తెలిసింది. నెత్తురు వాసన తగిలిందేమో, మూడూ ఒక్కసారి కొట్టంలో పడ్డాయి. పిల్లి పారిపోవచ్చు. పారిపోలేదు. ఒళ్లంతా ఉబ్బించి ముందు వచ్చిన కుక్క మూతి మీదికి ఎగిరి, గోళ్లు దించి వేలాడింది. ఆ కుక్క తల విదిలించిన విదిలింపుకు గోడకు కొట్టుకుని కింద పడింది. రెండోది నడుము పట్టింది, మూడోది మెడ. రెండూ చెరోవైపు లాగాయి. ఆ చప్పుడు నేను ఇప్పుడు రాయలేను. ఇంకో క్షణానికి మొదటి కుక్క ఉన్నిలో మూతి పెట్టి ఒక కూనను నమలకుండానే మింగేసింది.

బావ వాకిట్లో కూర్చుని ఉన్ని కత్తెరకు పదును పెడుతున్నాడు. ఒక్క ఈల వేస్తే చాలు. వేయలేదు. పైగా, కుక్క రక్తం రుచి మరిగితేనే తోడేలును పడుతుందని నవ్వాడు.

గోడవైపు పడుకున్న అక్క ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. బాలింత మనిషి, నడుముకు గుడ్డ కట్టుతోనే, పొయ్యిలోంచి మండే కొరివి లాక్కుని కుక్కల మధ్యకు పోయింది. ఒకదాని కళ్ల మీద కొట్టింది, ఇంకొకదాని నోట్లో కుక్కింది. మూడోది ఆమె మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్న కుక్కతో సహా వంగి రెండో చేత్తో ఉన్నిలో వెతికింది. అప్పటికి నేను రోకలి తీసుకుని పోయాను. ఎక్కడ కొట్టానో ఎన్నిసార్లు కొట్టానో గుర్తులేదు, కుక్క అరుస్తూ వదిలింది. కుక్కలు బయటికి పరుగెత్తాక చూస్తే అక్క కొంగులో మూడు కూనలున్నాయి. రెండు తడి తడిగా కదులుతున్నాయి. మూడోది ఇంకా పుట్టిన సంచి లోపలే ఉంది, అది చినగనే లేదు, తల్లికి చించే వ్యవధి దొరకలేదు.

అక్క గోటితో ఆ సంచి చించింది. కూన మూతి నీలంగా ఉంది. కొంగు కొసతో దాని నోరు, ముక్కు తుడిచి, తల కిందికి వచ్చేటట్టు రెండు అరచేతుల మధ్య పట్టుకుని మెల్లగా ఊపింది. నీళ్లలాంటిది కారింది. ముతక ఉన్ని తీసుకుని వీపు మీద రుద్దింది, తల్లి నాలుకతో నాకినట్టు, ఆగకుండా. గొర్రెపిల్ల ఊపిరి లేకుండా పడితే మా ఇంట్లో చేసే పద్ధతే అది, కాకపోతే ఇది బొటనవేలంత ప్రాణం. చాలాసేపటికి ఆ నోరు తెరుచుకుంది. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు అక్క మొహం మారిపోవడం నేను చూశాను.

నేను పరుగున పోయి మేకపాలు తెచ్చాను. అన్నాళ్లకు మొదటిసారి అక్క మాట్లాడింది.

"పాలు గాదు పిల్లా, ముందుగాల కాక పెట్టాలె. సల్లబడ్డదానికి పాలు పోస్తే లోపట్నే పాడైతయి, సస్తది. జొన్నలు ఏంచి మూట కట్టు. నీ చెంపకు పెట్టి చూడు, సురుక్కుమంటే వద్దు."

జొన్నలు వేయించి, మూట కట్టి, వెడల్పాటి గంపలో పెట్టి, దాని మీద గొంగడి ముక్క రెండు మడతలు వేసి కూనలను పడుకోబెట్టాం. పొయ్యి మీద ఎసరుకుండతో నీళ్లు ఎప్పుడూ కాగుతుండేవి, మూట చల్లారితే వేడి గుడ్డలు మార్చడానికి. పసుపు రాసిన దారంతో బొడ్లు కట్టింది. వాటి కడుపులు వెచ్చబడ్డాక, దూది వత్తిని మేకపాలలో ముంచి నోటికి అందించాను. ఒక్కటీ చప్పరించలేదు. పాలు మూతి పక్కల నుంచి కారిపోయాయి. అక్క కాసేపు చూసింది. తరువాత మా వైపు వీపు పెట్టి కూర్చుని, రొమ్ముకు కట్టిన గుడ్డ విప్పింది. చిన్న గిన్నెలో పిండి, ఆ పాలలో వత్తి ముంచి పెట్టింది. సంచిలోంచి తీసిన ఆ నీలం మూతి కూనే ముందుగా వత్తిని పట్టుకుంది. మా అత్త గడప మీద నిలబడి అదంతా చూసింది. వద్దనలేదు. పోయి, అక్క చేతిగాయానికి కట్టడానికి ఆకుపసరు నూరుకొచ్చింది.

ఆ రోజుల సంగతి ఇంకొంచెం చెప్పనివ్వండి. తల్లి నాకకపోతే కూనలు ఒంటికి రెంటికి పోలేవని అప్పుడే తెలిసింది నాకు. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని తడిగుడ్డతో కడుపు కింద రాయాలి. వెల్లకిలా వేసి పాలు పట్టకూడదు, పొట్ట మీద బోర్లా ఉండాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్క ఒక కూనను ఎప్పుడూ రవికలో పెట్టుకుని తిరిగేది. రెండో పొద్దుకు ఒకటి చనిపోయింది, కుక్క పన్ను ఎక్కడో లోపల దిగిందని అప్పుడు తెలిసింది. దాన్ని దొడ్డి వెనక, తన బిడ్డ పక్కనే పెట్టి వచ్చింది. మిగిలిన రెండూ రోజురోజుకూ బరువెక్కాయి. అక్క రొట్టె అడిగి తింది, తల దువ్వుకుంది. రవిక తడిస్తే కళ్లు మూసుకోవడం మానేసింది.

కూనలు కళ్లు తెరిచే వేళకు ఒక మధ్యాహ్నం బావ కల్లు తాగి వచ్చాడు. అక్క పొయ్యి పక్కన కూర్చుని గిన్నెలో పాలు పిండుతోంది. గుమ్మంలో నిలబడి ఆ గిన్నెను, గంపను చూశాడు. అప్పటిదాకా ఆయన మేకపాలనే అనుకున్నాడు.

"ఏందే గిది? నా బిడ్డ తాగాల్సిన పాలు పిల్లులకు పోస్తున్నవా?"

అక్క తలెత్తింది. పెళ్లయిన నాటి నుంచి ఆయనకు ఎదురు చెప్పని మనిషి.

"నీ బిడ్డ ఏడున్నది? తెచ్చియ్యి. దానికే తాపుత."

గంప మీద కాలు పడింది. ఒకటి ఆ కాలి కిందే పోయింది. ఎముకలు విరిగిన సన్నని చప్పుడు నాకు వినపడింది. రెండోసారి కాలెత్తేలోగా అక్క గంపను ఒడిలోకి లాక్కుంది. ఆయన జుట్టు పట్టి ఈడ్చాడు, తల గుంజకు కొట్టాడు, నుదురు పగిలింది. గంపను ఆమె వదలలేదు. మూలకు జరిగినప్పుడు గోడకు ఆనించి ఉన్న గుతుప ఆమె చేతికి తగిలింది. కూర్చున్న చోటు నుంచే, గంపను ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో ఊపి కొట్టింది. ఆయన మోకాలి చిప్ప మీద పడింది. అరుస్తూ ఒరిగిపోయి, లేచి, చూరులో చెక్కి ఉన్న ఉన్ని కత్తెర అందుకున్నాడు. జానెడు కంటే పొడవైన అలుగులవి. రెండింటినీ కలిపి పిడికిట్లో పట్టుకుని ఆమె మెడ మీదికి వంగాడు.

పొయ్యి మీద ఎసరుకుండ సలసలా తెర్లుతోంది. నేను చెంగుతో పట్టుకుని ఎత్తాను. ఆలోచించానని చెప్పను. కుండెడు నీళ్లు ఆయన వీపు మీద, భుజం మీద కుమ్మరించాను.

ఆ కేక ఊరవతలి వాగు దాకా వినపడిందన్నారు. కత్తెర జారిపోయింది. బావ మట్టిలో దొర్లాడు. అక్క లేచి కత్తెరను కాలితో తన వైపు లాక్కుని, తీసి, పట్టుకుని నిలబడింది. నుదుటి నెత్తురు కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. పొడవలేదు. అలా నిలబడింది అంతే. మా అత్త చేట పక్కన పెట్టి లేచి వచ్చి, కొడుకును దాటుకుని, కోడలి పక్కన నిలబడింది.

మర్నాడు పొద్దున బీరప్ప గుడి ముందర కులపెద్దలు కూర్చున్నారు. బావను మంచం మీద మోసుకొచ్చారు, ఒళ్లంతా బొబ్బలు. ఊరు ఊరంతా చేరింది. పెద్దమనిషి మొదటి మాటే అక్కతో అన్నాడు.

"మొగని మీద చెయ్యెత్తిన ఆడిది ఇల్లు నిలబెడ్తదా? కాళ్లు మొక్కు, అయిపోతది."

"మొక్కను. సంపుతె సంపుండ్రి," అంది అక్క. కొంగు కింద ఆ ఒక్క కూన కదులుతోంది.

గోల లేచింది. ఇద్దరు కోడళ్లనూ పుట్టిళ్లకు తోలేయమన్నారు, గుండు చేయించమన్నారు, ఇంకేవో అన్నారు. అప్పుడు మా అత్త ముందుకు వచ్చింది. ఆమె పదిమందిలో మాట్లాడగా అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు.

"గా పసిగుడ్డును నేను కడిగిన. తల పక్కకు నల్లగ కమిలి ఉండె. వీడు తన్నిన జాగ అది. నెలలు నిండలేదని ఊరందరికి నేనే చెప్పిన, నా కొడుకని నోరు మూసుకున్న. గిది మూడోది. మొదటి రెండు గూడ ఎట్ల పోయినయో నాకెరుకే. ఇగ మీరు తీర్పు జెప్పుండ్రి, నేను వింట."

మంచం మీద బావ మొహం అటు తిప్పుకున్నాడు. పెద్దమనిషి తలపాగా సర్దుకుని, అక్కను కాదు, మా అత్తను అడిగాడు, ఏం చేద్దామంటావని. కాలిన గాయాలు మానిన తరువాత కొడుకు మందతో అడవికి పోవాలి, తను పిలిస్తే తప్ప గడప దాటి లోపలికి రాకూడదు, కోడళ్లు తన దగ్గరే ఉంటారు అని చెప్పింది. అదే తీర్పయింది. అది న్యాయమా అంటే నాకు తెలియదు. చనిపోయిన ముగ్గురి మాట ఆ రోజు తరువాత మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మా ఆయన మంద దగ్గరి నుంచి కబురు విని వచ్చాడు. నన్ను కొడతాడేమోనని, నిజం చెబుతున్నాను, పొయ్యి దగ్గరే నిలబడ్డాను. గొంగడి తీసి వేసి, కాళ్లు కడుక్కుని, కూర్చుని అడిగాడు.

"ఉడుకు నీళ్లు నువ్వే పోసినవా?"

"నేనే."

కంచం వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"మా అవ్వను మా నాయిన కొట్టేటప్పుడు గట్ల పోసెటోళ్లు లేకపాయె."

అవ్వంటే వాళ్ల అమ్మ, మా అత్త. ఆమె చేట ముందర అన్నేళ్లు ఎందుకలా తల వంచుకుని కూర్చుందో నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన బతికినన్నాళ్లు నా మీద చెయ్యెత్తలేదు, ఆ సంగతి మళ్లీ మాట్లాడనూ లేదు.

మిగిలిన కూన ఆడది, సంచిలోంచి తీసినదే. పెరిగి పెద్దదై ఎలుకలను పట్టింది, పాములను కూడా ఎదిరించింది. అక్క తప్ప ఇంకెవరు ముట్టుకోబోయినా గోళ్లు దించేది. బావ ఏళ్ల తరబడి అడవిలోనే ఉన్నాడు. ముసలితనంలో మా అత్త పిలవగా వచ్చి బయటి అరుగు మీద ఉండిపోయాడు. కుంటుకుంటూ నడిచేవాడు. చొక్కా లేనప్పుడు వీపు మీది మచ్చలు కనపడేవి. అక్క పూటపూటకూ కంచం అరుగు మీద పెట్టేది గాని మాట్లాడేది కాదు. ఆయన పోయిన రోజు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకు ఏడ్చావని ఎప్పుడైనా అడగాలనుకున్నాను. ఆ ఏడుపు నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

ఇప్పుడు అక్క లేదు, అత్త లేదు, మా ఆయన లేడు. మంద లేదు, మా ఊళ్లో గొంగడి నేసే మగ్గం కూడా లేదట. నా కోడళ్లు ఒకరు పాలమూరులో, ఒకరు నల్గొండలో. నేనుండేది పాలమూరులో, కొడుకు దగ్గర. పెళ్లిళ్లలో కలుసుకుంటారు, ఒకరి చీర ఒకరు మెచ్చుకుంటారు, ఫోటోలు దిగుతారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు. కష్టమొస్తే ఫోను చేయడానికి నంబర్లున్నాయి, ఠాణాలో ఆడవాళ్లున్నారు. మంచిదే. నేను వద్దనను. గోడలు మాత్రం మందమయ్యాయి. పైవాటాలో అప్పుడప్పుడు దబ్బున ఏదో పడిన చప్పుడవుతుంది, ఆ వెంటనే ఒక ఆడమనిషి గొంతు అర్ధంతరంగా ఆగిపోతుంది. నేను చేతిలో పని ఆపి వింటాను. మావాడు మనకెందుకమ్మా అని టీవీ చప్పుడు పెంచుతాడు. వాడు మంచివాడే, భార్యను ఒక్కమాట అనడు. నిన్న నేను మెట్లు ఎక్కి తలుపు కొట్టాను. ఆ పిల్ల కొద్దిగా తెరిచి, ఏం లేదు పెద్దమ్మా, గిన్నె జారింది అని నవ్వి, మూసేసింది. లోపలి గడియ పడిన చప్పుడైంది. ఆ మూసిన తలుపు ముందర నిలబడి, అలవాటు చొప్పున, పక్కకు తిరిగి అక్కా అనబోయాను.